మాస్టర్ గారికి పేరు కుట్టించిన నల్ల బెల్టు: ఇచ్చిన పదకొండు నెలల తరువాత

మా అమ్మాయికి ఆరేళ్లుగా కరాటే నేర్పుతున్న మాస్టర్ గారికి కృతజ్ఞతగా ఏమివ్వాలన్న చర్చ ఏడు కుటుంబాల మధ్య మూడు వారాలు నడిచి, చివరకు రెండు కొసల్లోనూ బంగారు రంగు దారంతో అక్షరాలు కుట్టించిన నల్ల శాటిన్ బెల్టు దగ్గర ఆగింది. దాన్ని ఆవిడ చేతికిచ్చి పదకొండు నెలలైంది. పెట్టె తెరిచిన రోజునే రాసే సమీక్షల్లో మెరుపు గురించి తప్ప మరేమీ ఉండదు కాబట్టి, బెల్టు నాణ్యత తెలిసేది ముడి పడే చోటనే కాబట్టి, ఇంతకాలం ఆగి రాస్తున్నాను. అమ్మిన ఆన్‌లైన్ దుకాణం పేరు రాయడం లేదు; ఇలా పేరు కుట్టి పంపే దుకాణాలు చాలా ఉన్నాయి, వాటన్నిటిలోనూ అడగవలసిన ప్రశ్నలు దాదాపు ఒకటే.

మొదట మా ఆలోచనలోనే పొరపాటు ఉంది. మాస్టర్ గారి బెల్టు నడుము దగ్గర నలుపు అరిగిపోయి, లోపలి తెల్ల నూలు బయటపడి, కొసల్లో పీచులు లేచి ఉండేది. పాపం ఆవిడ పాతది కట్టుకుంటున్నారు, కొత్తది ఇద్దామని తల్లిదండ్రులమంతా జాలిపడ్డాం. ఈ మాట విని అక్కడ నేర్చుకునే పిల్లల్లో అందరికంటే పెద్దవాడు, పిల్లలంతా అన్న అని పిలిచే కుర్రవాడు, నవ్వాడు. ఆవిడకు మార్చాలనే ఉంటే ఎప్పుడో మార్చుకునేవారని, ఆ బెల్టు అలా అరగడానికి పదిహేనేళ్లు పట్టిందని, దాన్ని పాతదనుకునేది బయటివాళ్లేనని చెప్పాడు. కరాటే, జూడో నేర్పేవారిలో చాలామంది సంగతి ఇదే. నలుపు పోయి తెలుపు తేలిన బెల్టు వాళ్లకు చిరిగిన చొక్కాలాంటిది కాదు. కాబట్టి కొత్త బెల్టును పాతదానికి బదులుగా ఇస్తే అది బహుమతిగా కాక మందలింపులా తగిలే ప్రమాదం ఉంది.

మరొక సందేహం మా ఇంట్లోనే పుట్టింది. బెల్టు ఇచ్చేది గురువు, పుచ్చుకునేది శిష్యులు. దాన్ని తిరగేయవచ్చునా అని మా అమ్మాయి అడిగింది. తెల్ల బెల్టే ఏళ్ల తరబడి చెమటా మట్టీ పట్టి నల్లబడుతుందన్న కథను కూడా అది గట్టిగా నమ్ముతుంది. కథ బాగానే ఉంటుంది కానీ చరిత్ర వేరు. 1882లో కోడోకాన్ జూడో స్థాపించిన జిగోరో కానో తన శిష్యుల్లో స్థాయిని గుర్తించడానికి నల్ల బెల్టును ప్రవేశపెట్టాడు. గిచిన్ ఫునకోషి 1924లో ఆ పద్ధతిని కరాటేకు తెచ్చి తన శిష్యులకు మొదటి నల్ల బెల్టులు ఇచ్చాడు. మధ్యలో వచ్చే రంగుల వరుస ఐరోపాలో, 1930లలో పారిస్‌లో జూడో నేర్పిన మికినోసుకె కవాయిషి ద్వారా వ్యాపించింది. అంటే స్థాయిని ఇచ్చేది గురువు, గుడ్డను నేసేది దుకాణం. మాస్టర్ గారి మూడో డాన్ (నల్ల బెల్టులోని మెట్లను డాన్ అంటారు) మా బెల్టుతో పెరగదు, అది లేకపోతే తరగదు. ఆవిడకు ఇదివరకే ఉన్న స్థాయికి సరిపడే గుడ్డను తెచ్చి ఇవ్వడంలో అమర్యాదేమీ లేదని అన్న కూడా అన్నాక మా అమ్మాయి ఒప్పుకుంది.

అయినా ఆశ్చర్యపరచాలన్న ఉబలాటాన్ని వదిలేసి, నేరుగా ఆవిడనే అడిగాం. ఈ మొత్తం వ్యవహారంలో మేము చేసిన మంచి పని ఇదొక్కటేనేమో. తన రోజువారీ బెల్టును వదలనని, అయితే బెల్టు పరీక్షల రోజున, ప్రదర్శనల రోజున కట్టుకోవడానికి మరొకటి ఉంటే బాగుంటుందని చాలాకాలంగా అనుకుంటున్నానని ఆవిడ చెప్పారు. పొడవు, వెడల్పు, కుట్టవలసిన అక్షరాలు, అన్నీ ఆవిడ నోటి నుంచే వచ్చాయి. పేరు కుట్టిన వస్తువును ఏ దుకాణమూ వెనక్కి తీసుకోదు. అలాంటి వస్తువును ఊహ మీద ఆధారపడి కొనడం సాహసం తప్ప సరదా కాదు.

పొడవు సంగతి చిన్నదే కానీ చాలామంది అక్కడే తప్పుతారు. దుకాణాలు నాలుగు, అయిదు, ఆరు అని సైజు అంకెలు వేస్తాయి. ఆ అంకెలకు అర్థం ఒక తయారీదారు దగ్గర ఒకటి, మరొకరి దగ్గర మరొకటి. సెంటీమీటర్లలోనే అడగాలి. నడుమును కూడా ఒంటి మీద కాకుండా కరాటే డ్రెస్ మీదుగా కొలవాలి. నడుముకు రెండు చుట్లు, ముడికి పట్టేది, ఆపైన రెండు వైపులా జానెడుకు తగ్గకుండా వేలాడేది, ఇదీ లెక్క. అక్షరాలు కుట్టించే బెల్టుకు కొసలు ఇంకాస్త పొడుగ్గా ఉండాలి, లేకపోతే పేరులో సగం ముడిలోకి వెళ్లిపోతుంది. మాస్టర్ గారి పాత బెల్టు 260 సెంటీమీటర్లు. మేము 270 తీసుకున్నాం. వెడల్పు విషయంలో 4, 4.5 సెంటీమీటర్లు రెండూ దొరుకుతాయి. ఆవిడ 4 అన్నారు, ముడి చిన్నదిగా, బిగువుగా వస్తుందని.

ఇక అక్షరాల దగ్గర నేను కొంచెం ఎక్కువ సేపు ఆగక తప్పదు, ఎందుకంటే డబ్బు పోయేది, పరువు పోయేది ఇక్కడే. ఒక కొసన పేరు, మరొక కొసన కరాటే శైలి పేరో, సంస్థ పేరో కుట్టడం మామూలు పద్ధతి. ఏది ఏ వైపున రావాలన్నది ఆయా చోట్ల ఆనవాయితీని బట్టి మారుతుంది కనుక దాన్ని దుకాణం ఇష్టానికి వదలకూడదు. శైలి పేరు చైనా నుంచి జపాన్‌కు వచ్చిన కాంజీ లిపిలో ఉంటుంది, దానితో చిక్కు లేదు, ఎప్పుడూ ఒకేలా రాస్తారు. చిక్కంతా మనిషి పేరుతోనే. జపాన్ వారు కాని వాళ్ల పేర్లను సాధారణంగా కటకానా లిపిలో ఉచ్చారణను బట్టి రాస్తారు. ఆ భాషలో మనకున్నట్టు ల, ర అని రెండు అక్షరాలు లేవు. రెండింటికీ ఒకటే అక్షరం. లలిత అన్న పేరును కటకానాలో రాస్తే తిరిగి చదివేటప్పుడు రారిత అని వస్తుంది. సంయుక్తాక్షరాలు కూడా అలా నిలవవు. మధ్యలో ఒక అచ్చు చేరి పేరు సాగుతుంది. కాబట్టి ఒకే పేరును ఇద్దరు రెండు రకాలుగా రాసే అవకాశం ఉంది, రెండూ తప్పు కాకపోవచ్చు. మాస్టర్ గారు తన డాన్ ధ్రువపత్రంలో ఎలా ఉందో అలాగే కావాలన్నారు. ఇంతకంటే మంచి ప్రమాణం లేదు. ధ్రువపత్రం ఫోటో అడిగి తీసుకుని దాన్నే దుకాణానికి పంపాం.

పంపినా తప్పు దొర్లింది. కుట్టే ముందు వాళ్లు పంపిన నమూనా బొమ్మలో అక్షరాలన్నీ సరిగ్గానే ఉన్నాయి, ఒక గీత తప్ప. కటకానాలో దీర్ఘాన్ని ఒక గీతతో చూపిస్తారు. అడ్డంగా రాసే వరుసలో ఆ గీత అడ్డంగా ఉంటుంది, నిలువుగా రాసే వరుసలో నిలువుగా తిరుగుతుంది. బెల్టు కొస కిందికి వేలాడుతుంది కాబట్టి దాని మీద అక్షరాలు ఒకదాని కింద ఒకటి వస్తాయి. అప్పుడు గీత నిలువుగా ఉండాలి. నమూనాలో అది అడ్డంగానే ఉండిపోయింది, కంప్యూటరులో అక్షరాలను ఒక్కొక్కటిగా పేర్చినప్పుడు దాన్ని తిప్పడం మరిచిపోయినట్టున్నారు. అలా కుట్టి ఉంటే దీర్ఘం గీత కాస్తా చైనా, జపాన్ లిపుల్లో ఒకటి అనే అంకెలా కనిపించేది. మా ఏడుగురిలో ఒక్కరం కూడా ఈ తప్పును పట్టుకోలేదు. జపనీస్ నేర్చుకుంటున్న మా మేనకోడలికి బొమ్మ పంపితే, అది చూసిన నిమిషంలో చెప్పింది. దుకాణం వారు వాదించకుండా సరిచేసి రెండో నమూనా పంపారు, ఆలస్యం నాలుగు రోజులు. సరిచేసినందుకు మెచ్చుకోవాలి, కానీ రోజూ ఇదే పని చేసేవారికి, కొన్నవాళ్ల మేనకోడలు చెప్పేదాకా తెలియకపోవడం మెచ్చుకోదగ్గ విషయం కాదు. తైక్వాండో మాస్టర్‌కు కొనేవారు ఇదే జాగ్రత్తను కొరియా వారి హంగుల్ లిపితో పడవలసి ఉంటుంది.

డాన్ సంఖ్యను తెలిపే బంగారు గీతలు కూడా కుట్టమంటారా అని ఆర్డరు పత్రంలో ఒక ప్రశ్న ఉంది. కొన్ని సంస్థల్లో అవి తప్పనిసరి, కొన్నింటిలో అవి ఆడంబరం. మా మాస్టర్ గారు వద్దన్నారు. అడగకుండా కుట్టించి, రేపు ఆవిడ నాలుగో డాన్‌కు వెళితే ఆ బెల్టు తప్పుడు మాట చెబుతూ ఉండేది.

బెల్టు వచ్చిన రోజు మొదటి అభిప్రాయం: బరువుగా, కర్రలాగా బిగుసుకుని ఉంది. లోపల నూలు పొరలు, పైన నల్ల శాటిన్, పొడవునా తొమ్మిది వరుసల కుట్టు. వరుసల మధ్య దూరం ఒకేలా ఉంది, ఎక్కడా దారం ఎగిరిపోలేదు. అక్షరాల కుట్టు వెనక వైపుకు తేలకుండా, పై పొరకు కుట్టిన తరువాతనే బెల్టును మడిచి మూసినట్టు కనిపించింది. ఇది మంచి పద్ధతి, చవక రకాల్లో తయారైన బెల్టు మీదనే కుట్టేస్తారు కాబట్టి వెనక దారాల గజిబిజి కనిపిస్తుంది. నచ్చనిది ఒకటే: కొసలను మడిచి కుట్టిన చోట ఒక మూల కాస్త ఉబ్బెత్తుగా ఉంది. చేత్తో తడిమితే తెలుస్తుంది, కంటికి ఆనదు.

శాటినా, నూలు గుడ్డా అన్న ప్రశ్నకు నా జవాబు ఈ పదకొండు నెలల్లో కొంత మారింది. శాటిన్ మెరుస్తుంది, దాని మీద బంగారు దారం ఎంతో బాగా కనిపిస్తుంది, పరీక్షల రోజుకు తగిన హుందాతనం దానిదే. కానీ జారుతుంది. మొదటి రెండు సార్లు కట్టుకున్నప్పుడు ముడి గంటలో వదులైందని మాస్టర్ గారు మొహమాటపడకుండానే చెప్పారు. పైగా శాటిన్ పొర తొందరగా అరిగి లోపలి తెలుపును చూపిస్తుంది. నూలు పొరకు మెరుపు లేదు, కాలం గడిచేకొద్దీ నలుపు బూడిద రంగులోకి దిగుతుంది, కొత్తలో చెమటకు రంగు వదిలి తెల్ల డ్రెస్‌కు అంటించవచ్చు కూడా. కానీ ముడి నిలుస్తుంది, త్వరగా మెత్తబడుతుంది. రోజూ నేర్పేవారికి రోజువారీ బెల్టుగానే ఇచ్చేటట్లయితే నూలే సరైనది. కొత్త బెల్టును మెత్తబరచడానికి ఆవిడ దాన్ని గట్టిగా చుట్టచుట్టి, విప్పి, మళ్లీ తిరగేసి చుట్టడం రోజుకు పది నిమిషాల చొప్పున చేశారట. ఉతకలేదు. ఉతికితే విద్య పోతుందన్న సరదా మాట ఒకటుంది కానీ, అసలు కారణం నూలు కుదించుకుపోయి బెల్టు మెలితిరగడం, రంగు కారడం.

ఎప్పుడు ఇవ్వాలన్న దాని గురించి కూడా మా మధ్య చిన్న వాదన జరిగింది. పిల్లల బెల్టు పరీక్ష నెలలో ఇద్దామని ఒకరన్నారు. పరీక్ష పెట్టేదీ, మార్కులు వేసేదీ ఆవిడే అయినప్పుడు, పరీక్షకు ముందు బహుమతి పట్టుకుని వెళ్లడం ఆవిడను ఇరకాటంలో పెట్టడమే. ఫలితాలు వచ్చి, పిల్లల నడుములకు కొత్త రంగులు కట్టాకనే ఇచ్చాం. ఏడు కుటుంబాలు కలిసి ఒకటే ఇవ్వడం వల్ల మరో మేలు జరిగింది: ఏ పిల్లవాడి తల్లిదండ్రులు ఎంత పెట్టారన్న లెక్క ఆవిడ కంటబడలేదు. కొన్ని క్రీడా సంస్థలకు శిక్షకులు బహుమతులు తీసుకోవడం మీద నియమాలుంటాయి కాబట్టి కార్యాలయంలో కూడా ముందే అడిగి తెలుసుకున్నాం.

పెట్టెలో బెల్టుతో పాటు పిల్లలు ఒక్కొక్కరు ఒక్కో కాగితం రాసి పెట్టారు. థాంక్యూ అని ముద్రించిన కార్డు కొనడం వద్దని, ఆవిడ మీకు నేర్పిన ఒక్క విషయాన్ని రాయండని చెప్పాం. మా అమ్మాయి రాసినది నేను ఇచ్చిన తరువాతనే చదివాను. జెంకుత్సు దాచి భంగిమలో, అంటే ముందు కాలు వంచి వెనక కాలు చాచి నిలబడేటప్పుడు, వెనక కాలి మడమ ఎప్పుడూ లేచిపోయేదట. మాస్టర్ గారు మడమ కింద ఒక కాగితం ముక్క పెట్టి, ఇంకో కొస తన వేళ్లతో పట్టుకుని, గుద్దు విసిరినప్పుడల్లా కాగితం లాగి చూసేవారట. లాగితే వచ్చిందంటే మడమ లేచినట్టు. కాగితం చిరిగిన రోజున ఇద్దరూ నవ్వారట. ఆ చిరిగిన ముక్కను అమ్మాయి దాచుకుంది; దాన్నే ఉత్తరానికి అంటించింది. ఆవిడ పెట్టె తెరిచి బెల్టును పక్కన పెట్టి, ముందు ఆ కాగితాలన్నీ చదివారు. బెల్టు సమీక్షలో ఈ మాట రాయడం దుకాణానికి అన్యాయమే కానీ, జరిగింది అది.

మేము చూసి వదిలేసిన వస్తువుల గురించి కూడా కొంత చెప్పాలి. పిడికిలి బొమ్మ ఉన్న కప్పులు, జ్ఞాపికలు, గోడ గడియారాల జోలికి వెళ్లలేదు. పదేళ్లుగా నేర్పుతున్న మనిషి ఇంట్లో అవి ఎన్ని ఉంటాయో ఊహించుకోవచ్చు. బెల్టులను వరుసగా తగిలించే చెక్క పలక అందంగానే ఉంటుంది, అయితే అది రంగులు సంపాదించుకుంటున్న పిల్లల గదికి సరిపోయే వస్తువు. ఆయుధాల వైపు ఒక తండ్రి చాలా ఉత్సాహం చూపించాడు. సాయ్ అనే మూడు మొనల లోహపు ఆయుధాల జతను కొనాలంటే అది ఆ మనిషి ముంజేతి కంటే కొంచెం పొడుగ్గా ఉండాలి, బరువు చేతికి కుదరాలి; అది పక్కవాళ్లు ఎంచగలిగేది కాదు. గొలుసుతోనో తాడుతోనో కలిపిన రెండు కర్రల నంచాకు అయితే కొన్ని దేశాల్లో దగ్గర పెట్టుకోవడం మీదే ఆంక్షలున్నాయి.

బెల్టుకు గట్టి పోటీ ఇచ్చినవి ఫోకస్ మిట్లు, అంటే గుద్దులు, తన్నులు పట్టడానికి మాస్టర్ చేతికి తొడుక్కునేవి. మా అమ్మాయి తరగతిలో ఇరవైమంది పిల్లలు. ఒక్కొక్కరు ముప్పై గుద్దులు గుద్దినా ఆరు వందల దెబ్బలు ఆవిడ మణికట్టు మీదుగా మోచేతికి వెళతాయి. అరచేతి వైపుకు వంపు తిరిగి ఉన్నవి, లోపల దళసరి నురుగు ఉన్నవి, మణికట్టును పట్టే వెడల్పాటి పట్టీ ఉన్నవి ఎంచుకుంటే ఆ అదురు బాగా తగ్గుతుంది. నిజం చెప్పాలంటే ఉపయోగం లెక్కన చూస్తే బెల్టు కంటే ఇవే ముందుంటాయి. మేము ఎందుకు కొనలేదంటే, అవి తరగతి సామానులో కలిసిపోతాయి, ఆవిడవి కావు, అందరివీ అవుతాయి. తరగతికి కావలసిన సామాను కొనడం వేరు, మనిషికి కృతజ్ఞత చెప్పడం వేరు అని ఎక్కువమందికి అనిపించింది. నాకు ఇప్పటికీ ఆ వాదన పూర్తిగా ఒప్పుదల కాలేదు.

బెల్టే కొనాలనుకునేవారు మాస్టర్ ఏ విద్య నేర్పుతారో కూడా చూసుకోవాలి. కరాటేలో మా అనుభవం సరిపోతుంది. జూడోలో ఆరో డాన్ నుంచి ఎనిమిదో డాన్ వరకు ఎరుపు తెలుపు గడుల బెల్టు, ఆపైన ఎర్ర బెల్టు ఉంటాయి. బ్రెజిలియన్ జియు జిట్సులో నల్ల బెల్టు ఒక కొసన సాధారణంగా ఎర్ర పట్టీ ఉంటుంది, అది లేని బెల్టు ఎంత ఖరీదైనదైనా వాళ్లకు నప్పకపోవచ్చు. చాలా కుంగ్ ఫూ పాఠశాలల్లో బెల్టే ఉండదు, నడుముకు పట్టు గుడ్డ చుట్టుకుంటారు.

ప్రస్తుతం బెల్టు స్థితి ఇది: పరీక్షలకు, ప్రదర్శనలకు కలిపి ఆవిడ దాన్ని పదీ పన్నెండు సార్లు కట్టుకున్నారు. బంగారు దారం ఒక్క పోగు కూడా లేవలేదు, రంగు మాయలేదు. ముడి ఇప్పుడు నిలుస్తోంది. శాటిన్ మీద ముడి పడే చోట అప్పుడే ఒక సన్నని తెల్ల గీత కనిపిస్తోంది; ఇన్ని తక్కువ సార్లకే అది రావడం వల్ల అయిదు నక్షత్రాల్లో ఒకటి తగ్గిస్తున్నాను. నమూనా దశలో జరిగిన తప్పుకు అర నక్షత్రం తగ్గించాలని ఉంది కానీ, కుట్టకముందే సరిచేశారు కనుక వదిలేస్తున్నాను. అన్నకు ఈ మధ్యనే మొదటి డాన్ వచ్చింది, చిన్న పిల్లల తరగతి ఇప్పుడు అతడే చూస్తున్నాడు. అతడి కోసం పోయిన వారం అదే దుకాణంలో మళ్లీ ఆర్డరు పెట్టాం: ఈసారి నూలు, 4 సెంటీమీటర్లు, ఒక కొసన పేరు మాత్రమే. అతడి పేరులో రెండు దీర్ఘాలున్నాయి. నమూనా బొమ్మ నిన్న వచ్చింది, మేనకోడలికి పంపాను, రెండు గీతలూ నిలువుగానే ఉన్నాయట.